పండబెట్టిన తాటిచెట్టు

మా క్యాంపుల ఆ మిషిని దిగిన దినం దాన్ని ఎవ్వలూ లెక్కజెయ్యలే. గల్ఫుల ఫుట్‌బాల్ వరల్డ్ కప్పు పనులు జోరుమీదున్న రోజులవి. ఇండస్ట్రియల్ ఏరియాల మా క్యాంపు వెనకాల పాత స్టోరురూము ఖాళీ జేయించి, ఏసీ పెట్టిచ్చి, కసరత్తు మిషిన్లు తెచ్చింది కంపెనీ. ఇనుప గుండ్లకు లైను, ఉరికే బెల్టుకు లైను. ఇది మాత్రం మూలకు పడి ఉండె. పొడుగాటి ఇనుప పట్టా, దాని మీద ముందుకూ ఎనకకూ జారే చిన్న పీట, ముందట ఒక గాలిచక్రం. ఆ చక్రంలకెళ్ళి వచ్చే గొలుసుకు అడ్డంగ ఒక పిడి. పిడి పట్టి గుంజితే చక్రం బుస్సుమంటది, ఇడిస్తే గొలుసు లోపలికి పోతది. కూసున్న కాడ కూసునే పడవ నడిపినట్టన్న మాట. అదేందో తెల్వక మావోళ్ళు దాని మీద తడి లుంగీలు ఆరేసిండ్రు.

ఆఖరికి ఆ లుంగీలు తీసింది మా భాయ్. భాయ్ అంటే మా రూముల నా పక్క మంచమాయన, బోధన్ దిక్కు ముస్లిం, ఎలక్ట్రీషియన్, నాకంటె పెద్దోడు. తెలుగు మన లెక్కనే మాట్లాడుతడు గని కోపమొస్తే దక్కనీల దిగుతడు. ఒక శుక్రవారం డ్యూటీ లేదు. లుంగీలన్ని కుప్పబెట్టి, "కూసో తమ్మీ. గుంజుడంటె నీకు పానం గద" అన్నడు.

ఆయన చెప్పింది నిజమే. నాది స్కాఫోల్డింగ్ పని. స్టేడియం లోపట పైపులు నిలబెట్టి, క్లాంపులు బిగిచ్చి, పలకలు పరిచి మంచెలు కడుతుంటిమి. వాటి మీద నిలబడి మిగిలినోళ్ళు పైకప్పు పని చేసుకునేటోళ్ళు. పైపులన్ని తాడుకు కట్టి పైకి గుంజుడే. గల్ఫుకు రాకముందు ఊర్లె తాటిచెట్లెక్కి కల్లు గీసిన, అది మా తాతల నాటి పని. తాడు కనబడితే నా చేతులు ఊకుండయి.

కూసున్న, గుంజిన. చక్రం బుస్సుమన్నది. ముందటున్న చిన్న తెర మీద అంకె లేసింది. ఇంకా గట్టిగ గుంజితే ఇంకా పెద్ద అంకె. అగో, అక్కడ నాకు పిచ్చి పట్టింది. పీట ముందుకు జారుడు, ఎనకకు జారుడు ఏం చూడలే, రెండు చేతులతోని పిడిని గదువ దాంక గుంజుడే. గుండ్లు లేపేటోళ్ళు ఇడిసిపెట్టి నా చుట్టూ జమయిండ్రు. క్యాంపు ఇన్‌చార్జి, మలయాళీ ఆయన, చేతులు కట్టుకొని చూసి చూసి, "రేసుకు నువ్వే" అన్నడు. నా కండ్లు నెత్తికెక్కినయి.

రేసు ముచ్చట గిది. ఎండలు తగ్గినంక అన్ని క్యాంపుల మధ్య ఈ మిషిని మీద పందెం పెడుతరట. జట్టుకు నలుగురు, ఒకరి తర్వాత ఒకరు. గెలిచిన జట్టుకు మా స్టేడియంల పడే మొదటి ఆటకు కుర్చీలిస్తరు.

ఆ మాట ఇన్నంక నాకు ఇంకేం ఇనబడలే. ఆ కుర్చీలు బిగిస్తుండంగ నేను పై నుంచి రోజూ చూసిన. మొదటి దినం ఒక వరుస, తెల్లారి ఇంకొక వరుస, చూస్తుండంగనే గిన్నె లోపటి అంచులెక్క మొత్తం నిండింది. మంచె మీదికెళ్ళి చూస్తే కండ్లు తిరిగేది, ఇన్ని కుర్చీలల్ల కూసునే మనుషులు ఈ దునియాల ఉన్నరా అని. మేము మాత్రం వాటి పక్కన కింద ప్లైవుడ్డు పరుచుకొని టిఫిన్లు ఇప్పుకునేది. కుర్చీలకు ప్లాస్టిక్ కవర్లు తొడిగి, కూసోవద్దని బొమ్మ గీసిన కాగితాలు అంటించిండ్రు. ఒకసారి ఒకతను అలిసిపోయి అట్ల ఆనుకుంటే ఫోర్‌మన్ కింది నుంచే కేకేసిండు, ఆయన ఉలిక్కిపడి లేసిండు. గప్పుడే నా మనసుల పడ్డది. ఒక్కపారన్న అందుల కూసోవాలె. పనోని లెక్క కాదు, ఆట చూసేటోని లెక్క, ఎన్ను ఆనిచ్చి.

గా ఆశ తోటి డ్యూటీ నుంచి రాంగనే బూట్లిప్పి మిషిని ఎక్కుడు. పొద్దంత పైపులు గుంజుడు, సాయంత్రం గొలుసు గుంజుడు. కుడి జబ్బ లోపట సన్నగ సలుపు మొదలైంది. అదేముంది, పనోని ఒంటికి నొప్పులు లేకుంటే ఎట్లా అనుకున్న. ఒక సాయంత్రం తెర మీద అంకె కోసం పళ్ళు బిగబట్టి గుంజిన. జబ్బల లోపట ఏదో తెగినట్టు చటుక్కుమన్నది. పిడి చేతులకెళ్ళి జారి, గొలుసు గుంజుకపోయి చక్రానికి కొట్టుకున్నది. ఆ సప్పుడుకు అందరు తిరిగి చూసిండ్రు. నేను నవ్విన. నవ్వుతున్నా గని పానం జల్లుమన్నది.

తెల్లారి అంగీ తొడుక్కుందామంటే చెయ్యి లేస్తలేదు. భాయ్ చూసి, "నరం పట్టింది తమ్మీ, గుంజితే సాపయితది" అన్నడు. మా దిక్కు ఏది పట్టినా నరమే, దేనికైనా మందు గుంజుడే. కొబ్బరినూనె వేడి చేసి రాసి, నా చంకల కాలు పెట్టి, చెయ్యిని పట్టి గుంజిండు చూడుండ్రి, నాకు చుక్కలు కనబడ్డయి. నా లొల్లికి పక్క రూముల నేపాలోళ్ళు ఉరికొచ్చిండ్రు. భాయ్ ముఖం తెల్లబోయింది. "మాఫ్ కర్ రే" అనుకుంట ఆ దినమంత నా టిఫిన్ ఆయనే మోసిండు.

నా పెండ్లాం దగ్గర దాద్దామనుకున్న గని దాగలే. వీడియో కాల్‌ల మాట్లాడుకుంట తల దువ్వుకుంటున్న. ఆమె ఊకోక, "నువ్వేంది, చెయ్యి లేపకుండ నెత్తిని దువ్వెన కాడికి తెస్తున్నవ్?" అన్నది. అప్పటిదాంక నాకే తెల్వదు, నేను దువ్వెన కింద పట్టుకొని నెత్తి వంచి దువ్వుకుంటున్నా అని. మిషిని సంగతి చెప్పిన. "దుబాయ్ పోయింది పనికా, పడవలు నడుపనీకా? అండ్ల నీళ్ళన్న ఉన్నయా?" అన్నది. ఆమెకు గల్ఫంత దుబాయే. నీళ్ళు లేవన్న. "నీళ్ళు లేని పడవల జబ్బ ఇరగ్గొట్టుకున్నోడు నువ్వొక్కనివే ఉంటవ్" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళ వెంటనే చేసి, దవాఖానకు పోతవా పోవా అని ఏడ్చింది.

పోయిన. క్లినిక్కుల డాక్టరు చూసి, ఇనుప పైపులు ఎత్తే పనికి మాఫీ, కింద స్టోరుల తేలిక డ్యూటీ అని రాసి ఫిజియో కాడికి పంపిండు. అక్కడొక మలయాళీ అమ్మ ఉండె, మేము డాక్టరమ్మ అనేది, నెమ్మదిగ హిందీ మాట్లాడుతది. ఆమె టేబుల్ మీద ప్లాస్టిక్కు తోని చేసిన జబ్బ బొమ్మ ఉన్నది. దాన్ని నా ముందట పెట్టి చూపెట్టింది. పైన ఎముక ఒకటి చూరు లెక్క ముందుకొచ్చి ఉంటది. దాని కిందికెళ్ళి సన్నటి పట్టీ ఒకటి పోయి చేతి ఎముకకు అతుక్కుంటది. చెయ్యి లేపిన ప్రతిపారి ఆ పట్టీ చూరు కింద ఇరుకు సందులకెళ్ళి జరుగుతది. నువ్వు జబ్బలు మెడ దిక్కు ఎత్తి గుంజుడు వల్ల అది ఒరుసుకొని ఒరుసుకొని పోగులు లేసినయి, ఇది నరం గాదు, కండను ఎముకకు కట్టే టెండన్ అన్నది.

నేను ఆ బొమ్మనే చూసుకుంట కూసున్న. మా పనిల తాడు ఇనుప అంచు మీద ఒరుసుకుంటే గోనెసంచి అడ్డం పెడుతం. సామాను లేపే పట్టీకి పోగులు లేస్తే కోసి పారేస్తం, మళ్ళ ఎవ్వలూ వాడకుండ. ఇన్నేండ్లు నా అంగీ కింద గసుంటి పట్టీ ఒకటి పొద్దంత నడుస్తున్నదని నాకు తెల్వనే తెల్వదు. అన్నం ముద్ద నోట్లెకు పోయినా, దండం పెట్టినా, పైపు ఎత్తినా లోపట కదిలింది అదే. అబ్బురమైంది నాకు, భయం కూడ అయింది. "పోగులు లేసిన పట్టీని మేము కోసి పారేస్తం మేడం. నాదీ గంతేనా?" అని అడిగిన.

ఆమె నవ్వింది. "అది చచ్చిన తాడు భయ్యా. ఇది బతికున్న తాడు. దీని పోగులు ఇదే అల్లుకుంటది. మొత్తానికే పండబెడితే అల్లుకోదు, బలంగ గుంజినా అల్లుకోదు. కొంచెం కొంచెం పని చెప్పాలె" అన్నది. తనను తానే అల్లుకునే తాడు. బస్సుల క్యాంపుకు మర్లేటప్పుడు దారి పొంటి నా కుడి జబ్బ మీద ఎడమ చెయ్యి పెట్టుకొని కూసున్న, పక్కోడు చలి పెడుతున్నదా అని అడిగిండు.

రేసు ముచ్చట చెప్తే ఆమె వద్దనలే. కొన్నాళ్ళు మిషిని ముట్టొద్దు, మోచెయ్యి పక్కటెముకలకు ఆనిచ్చి, నడుమ మడిచిన టవలు పెట్టుకొని రబ్బరు పట్టీని మెల్లగ బయటికి గుంజు, అంతే అన్నది. కుడి పక్కకు తిరిగి పండొద్దన్నది. నొప్పి సంగతి ఎట్లా తెల్వాలె అంటే, పొద్దుగాల చూసుకో, నిన్నటి కంటె ఎక్కువుంటే నిన్న నువ్వు ఎక్కువ చేసినట్టు అన్నది. నాకు దువ్వెన ఉండనే ఉండె. లేసి అద్దం ముందట నిలబడి, నెత్తి వంచకుండ దువ్వెన పట్టి చెయ్యి లేపుడు. మొదట చెవి దాంక వచ్చి ఆగేది. భాయ్ పండుకున్న కాడి నుంచే "యాడిదాంక?" అని అడుగుడు, నేను "చెవి" అనుడు, ఇద్దరం చాయ్ తాగుడు. కణత దాంక వచ్చిన పొద్దు భాయ్ క్యాంటీనుల అందరికి చెప్పొచ్చిండు.

ఇన్‌చార్జి మాత్రం పరేషాన్ అయితుండె. ఇంకొకర్ని చూసుకుంట అన్నడు. కోపమొచ్చింది గని ఏమంటం, చెయ్యి లేవనోన్ని పెట్టుకొని ఎవ్వలన్న గెలుస్తరా. భాయ్ అడ్డం పడి, డాక్టరమ్మ ఒప్పుకునేదాంక ఆగుండ్రి అని బతిమిలాడిండు. ఆ కుర్చీ నా చేతికి అందేంత దూరంల ఉన్నది, నా చెయ్యేమో చెవి కాడ ఆగింది. ఎవ్వలితోనన్న మాట్లాడాలన్నా ఏడుపొచ్చేది.

మిషిని మళ్ళ ఎక్కుమన్న దినం ఆమె చెప్పిన లెక్క ఇది. చక్రం పక్కన లివరు కిందికి దించి తేలిక చేసుకో. ముందుగాల కాళ్ళతోని తన్ను, తర్వాత నడుము ఎనకకు వాల్చు, ఆఖరికే చేతులు. పిడి గదువ దాంక గాదు, పక్కటెముకల కింది దాంక. జబ్బలు చెవుల దిక్కు లేవొద్దు. చేతులు వట్టి కొక్కాలనుకో. ఇనేటప్పుడు మస్తు తేలిగ్గనే ఉన్నది. మిషిని మీద కూసున్నంక కాళ్ళు ఇంకా సోయిల లేకముందే చేతులు ఉరుకుతయి. ఇన్నేండ్లు గుంజిన చేతులాయె, ఎవ్వని మాట ఇంటయి. భాయ్ పక్కన నిలబడి "కాళ్ళు, కాళ్ళు" అని మొత్తుకునుడు, నేను "తెలుసు గదనే" అని కసురుకునుడు. తెల్లారి దువ్వెన మళ్ళ చెవి కాడికి దిగేది.

గట్ల ఒక శుక్రవారం పొద్దుగాల యాష్టకొచ్చి, పిడి పట్టుకొని ఊకెనే కండ్లు మూసుకొని కూసున్న. పాదాలు పలకలకు ఆనిచ్చి బెల్టు బిగిచ్చి ఉన్నయి. నడుము కొంచెం ఎనకకు వాలింది. పాదాల కింద బరువు, నడుముల బరువు, చేతులల్ల ఏం లేదు. ఈ కూసునుడు నా ఒంటికి ఎరికే. ఎక్కడ ఎరిక?

తాటిచెట్టెక్కేటప్పుడు నడుము సుట్టూ, చెట్టు సుట్టూ మోకు అనే బలమైన తాడు ఉంటది. పాదాలకు ఇంకొక బంధం. కాళ్ళతోని చెట్టును తన్నిపట్టి, నడుము మోకు మీద ఎనకకు వాల్చి, మొత్తం బరువు దాని మీద ఏసి, ఆఖరికి చేతులతోని మోకును అలుకగ పైకి ఎగరేస్తం. మళ్ళ కాళ్ళు, మళ్ళ నడుము, మళ్ళ చేతులు. నాకు చెట్టు నేర్పేటప్పుడు మా బాపు కింద నిలబడి ఒక్కటే మాట అనేటోడు, "చేతులతోని ఎక్కకురా, చేతులతోని ఎక్కెటోడు నడిమిట్లనే అలుస్తడు." ఈ మిషిని వట్టిగనే పడవ అన్నరు. ఇది పండబెట్టిన తాటిచెట్టు.

తన్నిన, వాలిన, ఎగరేసిన. చక్రం బుస్సుమనలే, సన్నగ, నిండుగ ఊదినట్టు ఒక సప్పుడు చేసింది. జబ్బల ఏం లేదు. మళ్ళొకపారి. భాయ్ మొత్తుకునుడు ఆపిండు. నేను కండ్లు తెరువలే, మా చెలక గట్టున ఉన్న చెట్టు ఎక్కుకుంట పోయిన. నడిమిట్ల గరుకు బెరడు పట్టలు, ఇంకింత పైకి పోతే గాలి, ఆ పైన మట్టలు రాసుకునే సప్పుడు. దిగి చూస్తే చెమటకు పీట కింద చిన్న మడుగు. నా ఒంటి మీద నాకే అంత గౌరవం ఎన్నడూ కలుగలే. నేను మర్చిపోయి గల్ఫుకొచ్చిన పనిని ఇది ఎముకలల్ల దాచిపెట్టుకొని నాతోనే ఇమానమెక్కి వచ్చింది.

అప్పటిసంది తెర మీద అంకె చూసుడు బంద్ చేసిన. చెట్లు లెక్కబెట్టిన. ఇయ్యాల గట్టు చెట్టు, రేపు వాగొడ్డు చెట్టు, వంకర చెట్టయితే మెల్లగ ఎక్కాలె. క్యాంపుల అందరు నవ్విండ్రు. "కల్లు దించినవా?" అని నేపాలాయన కూడ అడుగుడు నేర్చుకున్నడు. దువ్వెన కణత దాటింది, నుదురు దాటింది. ఒక పొద్దు నడినెత్తికి చేరింది, పాపిట తీసుకున్న. భాయ్ మంచం మీద లేసి కూసోని నా పాపిట దిక్కు చూసిండు. ఆ వారం డాక్టరమ్మ నా చెయ్యి లేపించి, పై నుంచి నొక్కి చూసి, "సరే, పో. చేతులతోని గుంజితే మాత్రం నాకు తెలుస్తది" అన్నది.

పందెం అల్ వుకైర్ దిక్కు ఒక పెద్ద హాలుల. మిషిన్లు వరుసగ పెట్టిండ్రు. మా జట్టుల నేపాలాయన మొదలు, తర్వాత భాయ్, తర్వాత కెన్యా అతను, ఆఖరు నేను. దుఖాన్ దిక్కు నుంచి వచ్చిన జట్టు మొదటి నుంచీ ముందే ఉన్నది. గోడ మీద పెద్ద తెరల చిన్న చిన్న పడవ బొమ్మలు పోతున్నయి. నా పాళి వచ్చి పీట మీద కూసునేటప్పటికి వాళ్ళ పడవ మా పడవ కంటె బాగ ముందుకు పోయింది. అది చూడంగనే చేతులు ఉరికినయి. ఒక్క గుంజుడుకే జబ్బల చురుక్కుమన్నది. మళ్ళ అదే జబ్బ, అదే సలుపు. నా కుర్చీ నా కండ్ల ముందట నుంచి పోతున్నట్టైంది. గప్పుడు ఎనకనుంచి భాయ్ గొంతు, "యల్లా తమ్మీ, నడువు. తెర చూడకు. చెట్టెక్కు."

కండ్లు మూసుకున్న. అన్నిటి కంటె పొడుగు చెట్టు పట్టిన, మా బాపు ఎక్కనియ్యని చెట్టు. తన్నుడు, వాలుడు, ఎగరేసుడు. ఎవరో అరుస్తున్నరు, ఏ భాషనో తెలుస్తలేదు. నేను పట్టలు దాటిన, గాలి దాటిన, మట్టలల్లకు తలకాయ పోయింది. చెట్టు అయిపోయింది, ఇంక ఎక్కనీకి ఏం లేదు. కండ్లు తెరిస్తే కెన్యా అతను నన్ను పీట మీదికెళ్ళి లేపుతున్నడు. మా పడవ బొమ్మ మూతి వాళ్ళ దాని కంటె జరంత ముందట ఆగి ఉన్నది.

ఆట రోజు సాయంత్రం కంపెనీ బస్సుల పోయినం, యూనిఫాం లేకుండ, ఇస్త్రీ అంగీలల్ల. ఎప్పుడు పనోళ్ళ గేటు నుంచి పోయినోళ్ళం, ఆ పొద్దు పెద్ద గేటు నుంచి పోయినం. నా కుర్చీ మీద ప్లాస్టిక్ కవరు లేదు, బొమ్మ గీసిన కాగితం లేదు. నిమ్మళంగ కూసున్న, ఎన్ను ఆనిచ్చిన. ఎవ్వలూ లెమ్మనలే. పచ్చటి గడ్డి, లైట్లు, ఒక్క కుర్చీ ఖాళీ లేకుండ మనుషులు. ఇంతమంది దునియాల ఉన్నరా అని మంచె మీద అనుకున్న గద, ఉన్నరు, అందరు నా చుట్టూ కూసున్నరు.

తల లేపి పైకప్పు చూసిన. నేను నిలబడ్డ జాగ యాడ అని ఎతికిన. దొరకలే. స్కాఫోల్డింగ్ పనే అట్లాంటిది, మేము కట్టిందంత ఆఖరుకు మేమే ఇప్పుకపోతం. పైపు లేదు, పలక లేదు, క్లాంపు లేదు. మేము నిలబడ్డ జాగల గాలే ఉన్నది. ఆ గాలి మీద నిలబడే ఇదంత అయిందా అనుకుంటే ఒళ్ళు పులకరించింది.

అప్పుడు అవతలి దిక్కు నుంచి అల మొదలైంది. జనమంత వరుసగ లేసి, చేతులు పైకెత్తి, మళ్ళ కూసుంటున్నరు. అది స్టేడియం సుట్టూ తిరిగి మా దిక్కు వస్తున్నది. నాకు జర భయమైంది. భాయ్ నా దిక్కు చూసిండు. అల మా వరుసకు వచ్చింది, అందరి తోని నేనూ లేసిన. రెండు చేతులు లేసినయి. కుడిది చెవి దాటింది, నెత్తి దాటింది, మోచెయ్యి సాపయ్యేదాంక పోయి పైన నిలబడ్డది. లోపట ఆ తాడు చూరు కింద మెత్తగ జరిగింది, ఏం చప్పుడు లేదు.

జనమంత కూసున్నరు. భాయ్ ఆట చూస్తలేడు, నా చెయ్యి దిక్కే చూస్తున్నడు. కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని, "దించు తమ్మీ, అల పోయి శానసేపైంది" అన్నడు.

నేను దించలే.